కోట కావలి, కంప్యూటరు కావలి

1757వ సంవత్సరము జనవరి 24వ తేదీన బొబ్బిలి కోట కూలినది. బుస్సీ దొర ఫిరంగులును, విజయనగర ప్రభువు పెద విజయరామరాజు సేనలును ఏకమై ఆ మట్టికోటను ముట్టడించిన వృత్తాంతము, లోపలనున్న స్త్రీలు బిడ్డలు ప్రాణములు కోలుపోయిన విషాదము, బొబ్బిలి కథ విన్న ప్రతివారికిని తెలిసినవే. అయితే ఆ కథకు ముగింపు కోట కూలుటతో కాలేదు. యుద్ధము జరిగిన మూడవ రాత్రి, గెలిచినవారి శిబిరము నడుమ, తన గుడారములో నిదురించుచున్న విజయరామరాజును శత్రువులు చొచ్చి పొడిచి చంపిరి. మన గాథలు ఆ సాహసమును తాండ్ర పాపారాయుని పేర నిలిపినవి.

ఆ రాత్రి శిబిరము చుట్టును సైన్యమున్నది, ఫిరంగులున్నవి, గెలిచితిమన్న ధీమా ఉన్నది. పగలు వేలమంది ఎదురెదురుగా పోరాడి సాధింపలేకపోయిన కార్యము, రాత్రి ఒక్క గుడారపు తెర తొలగించుటతో నెరవేరినది. ఆ గుడారములోని మనుష్యుడే సకల సేనకును ఆజ్ఞ ఇచ్చువాడు. ఆజ్ఞ వెలువడు చోటికి దారి దొరకినవానికి తక్కిన బలగముతో పనిలేదు. ఈ చిన్న సూత్రమే నేటి మన వ్యాసమునకు మూలము. రెండు శతాబ్దములు గడచిన పిమ్మట, కత్తులతోను గుర్రములతోను సంబంధము లేని ఒక యంత్రము విషయములో, ఈ సూత్రమునే విద్వాంసులు మరల మొదటినుండి నేర్చుకొనవలసి వచ్చినది. ఆ యంత్రము కంప్యూటరు.

విజయనగరము కోటను చూడని వారు మన జిల్లాలలో అరుదు. విజయనామ సంవత్సరమున, విజయదశమినాడు, జయవారమున దానికి శంకుస్థాపన జరిగినదని ప్రతీతి. అది 1713వ సంవత్సరము. నాలుగు మూలల నాలుగు బురుజులు, చుట్టును అగడ్త, ఎత్తైన గోడలు. ఇంత కోటకును ప్రధాన ద్వారములు రెండే. తూర్పున నగారాఖానా ద్వారము, పడమట అంతకు చిన్నదైన మరియొక ద్వారము. కట్టించినవారికి రాయి కొరతయై ద్వారములు తగ్గించలేదు. ద్వారమొకటి హెచ్చిన కొలది కావలి పెంచవలెను, కావలి పెంచిన కొలది నమ్మవలసిన మనుష్యులు పెరుగుదురు. కనుక కోట బలమును గోడ ఎత్తునుబట్టి మాత్రమే కాక, తలుపుల లెక్కనుబట్టియు గణించవలెను.

కంప్యూటరునకు తలుపు అవసరమైనది 1960ల నాటి మాట. అంతకుపూర్వము ఒకరి పని ముగిసిన పిదపనే మరియొకరి పనిని యంత్రము చేపట్టెడిది. ఆ గది తాళమే దానికి తాళము. 1961లో అమెరికాలోని మాసచూసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఫెర్నాండో కార్బటో అను శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు ఒకే యంత్రమును ఒకే కాలమున పలువురు వాడుకొను పద్ధతిని ప్రదర్శించిరి. పలువురు చేరిన చోట ఎవరి సొత్తు వారికి దక్కవలెను గదా! అందుచేత ఒక్కొక్కరికి ఒక్కొక్క రహస్యపదము, అనగా పాస్‌వర్డు, ఏర్పరచిరి. మరుసటి సంవత్సరమే దానికి గండి పడినది. వారమునకు నాలుగు గంటల కాలమే తనకు కేటాయింపబడుటచే పని సాగని ఆలన్ షెర్ అను పరిశోధక విద్యార్థి, రహస్యపదముల పట్టికనే అచ్చువేయవలసినదిగా యంత్రమును కోరెను. యంత్రము వినయముగా అచ్చువేసి ఇచ్చెను. అతడు ఇతరుల పేర ప్రవేశించి తన లెక్కలు పూర్తిచేసికొనెను. దొంగ చదువరియే కాని దుర్మార్గుడు కాడు. అయినను పాఠము తేటపడినది. అందరి తాళపుచెవులను ఒకే పెట్టెలో నుంచినప్పుడు ఆ పెట్టెయే అసలు ఖజానా.

అట్టి పెట్టెను ఎవరో ఒకరు కాపాడవలెను. క్రొత్తవారికి పేరు నమోదు చేయవలెను, పాతవారి పేరు కొట్టివేయవలెను, చెడినదానిని బాగుచేయవలెను. ఈ పనులు చేయువానికి ఎదురులేని అధికారము ఇచ్చుట తప్పలేదు. 1969లో బెల్ ప్రయోగశాలలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ అనువారు ప్రారంభించిన యూనిక్స్ అను వ్యవస్థలో ఆ సర్వాధికారికి ‘రూట్’ అని పేరు. రూట్ అనగా వేరు. వాడుకరులందరికి వరుససంఖ్యలుండగా రూట్ సంఖ్య సున్న. తక్కినవారిని యంత్రము, ‘ఈ కాగితము నీదా? దీనిని చదువుటకు నీకు హక్కు కలదా?’ అని అడుగును. సున్న సంఖ్య గలవానిని అడుగదు. పూర్వము ఉమ్మడి కుటుంబములలో పెద్ద కోడలి బొడ్డున వ్రేలాడిన తాళపుచెవుల గుత్తిని తలచుకొనుడు. బియ్యపు గాదె మొదలు నగల పెట్టె వరకు ఆ గుత్తికి లొంగనిది లేదు. గుత్తి ఇంటిలో ఉన్నంతకాలము భయము లేదు. అది వీధిలోని మనుష్యునికి చిక్కినచో ఏమగును?

ఆ వీధి 1969వ సంవత్సరము అక్టోబరు 29వ తేదీ రాత్రి తెరచుకొన్నది. ఆ రాత్రి పదిన్నర గంటలకు లాస్ ఏంజెల్స్ విశ్వవిద్యాలయమునుండి చార్లీ క్లైన్ అను విద్యార్థి వందల మైళ్ల దూరముననున్న స్టాన్‌ఫర్డ్ పరిశోధనాలయపు కంప్యూటరునకు తీగపై ‘లాగిన్’ అను మాటను పంపబూనెను. మొదటి అక్షరము చేరినది, రెండవ అక్షరము చేరినది, మూడవదానితో అవతలి యంత్రము చతికిలబడినది. గంట గడచిన పిదప గాని ప్రయత్నము నెరవేరలేదు. నేడు ఇంటర్నెట్ అని మనము పిలుచు మహాజాలమునకు పుట్టువు ఇదియే. ఆ జాలముపై ప్రయాణింపజూచిన మొట్టమొదటి మాట క్షేమసమాచారము కాదు, వార్త కాదు. దూరమునుండి ‘లోపలికి రానిండు’ అని తట్టిన తలుపు చప్పుడు అది.

తలుపు తట్టువారందరు చుట్టములే అయిన కాలమది. జాలములో ఉన్నవారు కొలదిమంది విద్వాంసులు, ఒకరినొకరు ఎరిగినవారు. కనుక తీగపై సాగు మాటకు మరుగు అవసరమని తలంపలేదు. ‘టెల్‌నెట్’ అను పద్ధతిలో దూరపు యంత్రమునకు రహస్యపదము పంపినచో, అది పోస్టుకార్డుపై వ్రాసిన వార్తవలె నడుమనున్న వారెల్లరు చదువగల స్థితిలో పోయెడిది. ఊరి పేరు, ఇంటి పేరు, ఇనుపపెట్టె గుట్టు అన్నియు ఒకే కార్డుమీద!

1986లో కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్క్లీ ప్రయోగశాలలో క్లిఫర్డ్ స్టోల్ అను ఖగోళశాస్త్రజ్ఞుడు కంప్యూటరు పద్దులు చూచుచుండగా 75 సెంట్ల తేడా కనబడినది. మన లెక్కలో ముక్కాలు డాలరు. మరియొకరైనచో రద్దుపద్దు వ్రాసి ఊరకుండెడివారు. ఆయన ఊరకుండలేదు. ఎవరో అజ్ఞాతవ్యక్తి ప్రయోగశాల యంత్రములో చొరబడి, ఒక సామాన్యమైన ప్రోగ్రాములోని లోపమును పట్టుకొని సర్వాధికారియై, అచ్చటినుండి సైనిక స్థావరముల యంత్రములను తట్టిచూచుచున్నాడని కనుగొనెను. నెలల తరబడి జాడతీయగా ఆ వ్యక్తి పశ్చిమ జర్మనీలోని హానోవర్ నగరమున కూర్చొనియున్నాడని తేలినది. ఈ కథలో మన ప్రసంగమునకు కావలసిన విశేషమేమన, పలుచోట్ల అతడు గోడలు పగులగొట్టలేదు. యంత్రమును అమ్మిన కంపెనీ తన మరమ్మతుదారుల కొరకు పెట్టిన పేరు, రహస్యపదము కొన్నవారు మార్చక అట్లే ఉంచిరి. ఆ పేరు చెప్పగనే తలుపు తెరచుకొన్నది. క్రొత్త ఇల్లు కొని, మేస్త్రి చేతనున్న తాళపుచెవిని తిరిగి అడుగని గృహస్థునివలె లోకము ప్రవర్తించినది.

1995లో ఫిన్లాండు దేశపు హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయములో పోస్టుకార్డు పద్ధతి ఫలితము బయటపడినది. ఎవరో విద్యాలయపు తీగలపై పొంచియుండి రహస్యపదములను దండిగా పోగుచేసిరి. అచ్చటి పరిశోధకుడు తాతు యులోనెన్ ఆ సంవత్సరమే ‘సెక్యూర్ షెల్’ అను క్రొత్త పద్ధతిని నిర్మించి, జూలై నెలలో లోకమునకు ఉచితముగా ఇచ్చెను. సంక్షేపముగా దానిని ఎస్.ఎస్.హెచ్. అందురు. ఇందులో మాట లక్కముద్ర వేసిన కవరులో పోవును. ఆ ముద్రను దారిలోనివారు విప్పజాలరు. దూరపు యంత్రము తానే అసలు యంత్రమని ముందుగా రుజువు చూపవలెను. వచ్చినవాడును రహస్యపదము పలుకుటకు బదులు, తన వద్ద మాత్రమే ఉండు గణితపు తాళపుచెవితో తన్ను రుజువు చేసికొనవచ్చును. ఆ సంవత్సరాంతమునకే దానిని దాదాపు 50 దేశములలో 20 వేలమంది వాడుచుండిరని చెప్పుదురు. నేడు లోకములోని సర్వర్లను దూరమునుండి నడపుటకు అధికముగా వాడబడుచున్నది ఈ పద్ధతియే.

దారి భద్రమైనది. కాని దారి భద్రమైనంత మాత్రమున వచ్చువాడు మంచివాడగునా? ఇచ్చటనే నిషేధముల చరిత్ర ప్రారంభమగుచున్నది.

మొదటి నిషేధము: రూట్ తన పేరుతో దూరమునుండి నేరుగా రాకూడదు. యంత్రము ఎదుట కూర్చున్నవాడు రావచ్చును, ఏలయన వానిని గది తలుపు ముందే పరీక్షించినది. దూరపువాడు ముందు తన సొంత పేరుతో సామాన్యునివలె ప్రవేశించవలెను. పిదప అవసరమైన పనికి మాత్రమే, అవసరమైనంతసేపు మాత్రమే, అధికారము అడిగి పుచ్చుకొనవలెను. వినుటకు ఇది పని పెంచు నియమమువలె తోచును. దీని ప్రయోజనము రెండు విధములు. లోకములోని ప్రతి దొంగయు సర్వాధికారి పేరు రూట్ అని ఎరుగును. పేరు తెలిసినచో సగము తాళము తెరచినట్లే. సొంత పేరు తప్పనిసరియైనపుడు దొంగ పేరును కూడ ఊహింపవలసి వచ్చును. అంతకు మించినది రెండవ ప్రయోజనము. పదిమంది ఉద్యోగులు ఒకే రూట్ పేరును పంచుకొన్నచోట, చెడు జరిగిననాడు దినచర్య పుస్తకములో ‘రూట్ చేసెను’ అని మాత్రమే మిగులును. పదిమందిలో ఎవరు? తప్పు చేసినవానికి ముసుగు దొరకును, తప్పు చేయనివారికి నింద అంటును. సొంత పేరుతో వచ్చినచో దోషియు తేలును, నిర్దోషియు బయటపడును. ఈ నియమము అధికారిని శంకించుటకు ఏర్పడినదని కొందరు చిన్నబుచ్చుకొందురు. నిజమునకు అది నిజాయితీపరుడైన అధికారికి రక్ష.

రెండవది: ఎచ్చటినుండి రావచ్చునో ముందే నిర్ణయించుట. కార్యాలయపు జాలమునుండి మాత్రమే, లేదా ఒక్క ద్వారపు యంత్రము గుండ మాత్రమే రావలెను. ఇది విజయనగరము కోట లెక్క. మూడవది: ఒక్క రుజువు చాలదనుట. రహస్యపదమునకు తోడు చేతిలోని వస్తువు, లేదా ఫోనునకు వచ్చు అంకెలు కూడ చూపవలెను. హుండీకి రెండు తాళములు వేసి, రెండు చెవులను ఇద్దరు వేర్వేరు మనుష్యుల వద్ద ఉంచు వివేకమిది. నాలుగవది: వచ్చినవారి పద్దును వారు చెరుపలేని చోట దాచుట.

ఇంత తేటయైన విషయములును ఆచరణలోనికి వచ్చుటకు ఎంత కాలము పట్టినదో చూడుడు. ఎస్.ఎస్.హెచ్. పద్ధతికి అందరికి ఉచితముగా లభించు రూపమైన ‘ఓపెన్ ఎస్.ఎస్.హెచ్.’ 1999లో వెలువడినది. అందులో రూట్ దూరమునుండి రహస్యపదముతో రావచ్చునను అనుమతియే సహజస్థితిగా ఉండెడిది. వద్దనుకొన్నవారు తామై మార్చుకొనవలెను. 2015 ఆగస్టులో గాని ఆ సహజస్థితి తారుమారు కాలేదు. అప్పటినుండి, అడుగకున్నను, రహస్యపదముతో రూట్ వచ్చు తలుపు మూసియుండును. తలుపు తెరచియుంచి, మూసికొనుడని చెప్పుట ఒకటి. మూసియుంచి, కావలసినవారు తెరచుకొనుడని చెప్పుట మరియొకటి. నడుమ పదునారు సంవత్సరములు గడచినవి.

ఇది దూరదేశముల కథ అని మనము అనుకొనవచ్చునా? 1998లో మన రాష్ట్రపు రిజిస్ట్రేషను శాఖలో ‘కార్డ్’ అను పథకము ప్రారంభమైనది. అంతవరకు దస్తావేజులను చేతితో పెద్ద పుస్తకములలోనికి ఎత్తి వ్రాసి బీరువాలలో భద్రపరచెడివారు. ఆ పథకముతో అవి కంప్యూటరుకెక్కినవి. 2015లో ‘మీభూమి’ వచ్చిన పిదప టెక్కలి రైతైనను, గజపతినగరము రైతైనను, తన అడంగలును, ఒకటి-బి పత్రమును ఇంటినుండియే చూచుకొనగలుగుచున్నాడు. మేలు గొప్పది. కాని పూర్వము ఒక పుటను తారుమారు చేయవలెనన్న దొంగ ఆ కార్యాలయమునకు రావలెను, ఆ బీరువా తెరవవలెను, ఆ సిరా రంగు కలుపవలెను. నేడు అధికారి తాళపుచెవి చిక్కినచో బీరువా వద్దకు రానక్కరలేదు. రెండెకరముల పల్లపు భూమి తప్ప మరి ఆధారము లేని కుటుంబమునకు, ఎక్కడో ఒక సర్వరు తలుపు ఎట్లు మూయబడినదన్నది అన్నము ప్రశ్న.

2017 మే 12న ‘వాన్నక్రై’ అను కీటకప్రోగ్రాము లోకముపై విరుచుకుపడినది. అది యంత్రములోని కాగితములన్నిటిని గూఢాక్షరములుగా మార్చి, విడుదలకు 300 డాలర్లు అడుగును. ఇంగ్లండులో ఆసుపత్రులు రోగులను త్రిప్పి పంపవలసి వచ్చినది. ఆ మరుసటి దినముననే మన రాష్ట్రములో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నము, శ్రీకాకుళము జిల్లాల పోలీసు కార్యాలయములలోని కొన్ని కంప్యూటర్లును దాని వాతబడినవని వార్తలు వచ్చినవి. ఈ కీటకము ఎవరి రహస్యపదమును దొంగిలించి వచ్చినది కాదు. కాగితములు పంచుకొనుటకై యంత్రములు తెరచియుంచు ఒక ప్రక్కతలుపులోని లోపముగుండ చొచ్చి, చొచ్చినంతనే సర్వాధికారము పొందెడిది. ఆ లోపమునకు మందు రెండు నెలల ముందే, మార్చి 14న, వెలువడియున్నది. వేసికొననివారు వేసికొనలేదు. అవసరములేని తలుపు, మరమ్మతు చేయని గడియ: బొబ్బిలినాటి పాఠము శ్రీకాకుళమునకు నలువది యేండ్లు తక్కువ మూడువందల సంవత్సరములకు తిరిగి వచ్చినది.

దూరాధికారము పరహస్తమైనచో ఏమగునో 2015 డిసెంబరు 23న ఉక్రెయిన్ దేశము చూచినది. మూడు విద్యుత్ పంపిణీ సంస్థల నియంత్రణ యంత్రములలోనికి దొంగిలించిన రహస్యపదములతో శత్రువులు ప్రవేశించిరి. ఉద్యోగులు చూచుచుండగనే తెరమీది బాణపుగుర్తు దానంతట అది కదలి స్విచ్చి వెంట స్విచ్చి ఆపివేసినది. దాదాపు 2,25,000 మంది వినియోగదారులకు చలికాలపు సాయంకాలమున దీపము లేకపోయెను. రెండవ రుజువు అడుగు తాళము ఆ దూరపు ద్వారమునకు లేదు. కొలది గంటలలో దీపములు తిరిగి వెలిగినవన్నచో కారణము, ఉద్యోగులు బండ్లెక్కి సబ్‌స్టేషనులకు పోయి చేతులతో స్విచ్చులు వేయుటయే.

అట్లయినచో దూరపు తలుపును ఇటుకలతో మూసివేయరాదా అని అడుగవచ్చును. ఈ ప్రశ్నకు సమాధానము మన తీరమే చెప్పును. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస చెంత తిత్లీ. ఉద్దానపు కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలకూలినవి. స్తంభములు వాలినవి, ఫోనులు మూగవోయినవి, దారులు చెట్లతో మూసికొనిపోయినవి. అట్టి వేళ యంత్రము ఎదుటికి మనుష్యుడు చేరలేడు. దూరమునుండి వచ్చి బాగుచేయగల అధికారి ఒక్కడున్నచో పదివేలు. మరి రెండవ రుజువు కొరకు ఫోనునకు అంకెలు రావలెనన్న నియమమున్నచో, ఫోనులు పనిచేయనినాడు ఆ నియమమే అధికారిని బయట నిలబెట్టును. కోట తలుపు శత్రువునకే కాక ప్రభువునకును మూసికొనిపోవు స్థితి ఇది. అనుభవజ్ఞులు దీనికి పాత ఉపాయమునే చెప్పుదురు. అత్యవసరమునకై ఒక తాళపుచెవిని లక్కముద్రతో కవరులో నుంచి, ఇద్దరి ఎదుట గాని విప్పరాదని కట్టడిచేయవలెను. విప్పినవెంటనే పద్దు వ్రాసి, పని తీరగనే తాళమును మార్చవలెను. నిషేధము యొక్క శ్రేష్ఠత కాఠిన్యములో లేదు. ఆపదనాడు సక్రమముగా సడలి, ఆపద తీరగనే మరల బిగిసికొనుటలో ఉన్నది.

ప్రభుత్వమును ఈ దారినే నడచుచున్నది. 2000వ సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము అనుమతిలేని ప్రవేశమును నేరముగా పరిగణించినది. కేంద్రపు సెర్ట్-ఇన్ సంస్థ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశములలో ప్రవేశపు పద్దులను 180 దినములు భద్రపరచవలెననియు, దాడి సంగతి తెలిసిన 6 గంటలలో తెలియజేయవలెననియు విధించినది.

ఇక మన ఇండ్ల మాట. ‘మాకు సర్వర్లు లేవు, రూట్లు లేవు’ అని గృహస్థులు నిశ్చింతగా ఉండరాదు. ఇంటిలోని వైఫై పెట్టెకు ఒక సర్వాధికారి కలడు. కంపెనీవారు పెట్టిన రహస్యపదమును మార్చని పెట్టె, స్టోల్ నాటి మేస్త్రి తాళపుచెవియే. 2016లో ‘మిరాయ్’ అను కీటకము అట్టి మార్చని రహస్యపదములు అరువది పైచిలుకు జతలను పట్టుకొని లక్షల కెమెరాలను, పెట్టెలను వశపరచుకొన్నది. అంతకంటె దగ్గరి అపాయము చేతిలోని ఫోను. బ్యాంకునుండి మాటలాడుచున్నామని చెప్పి, ఒక యాప్ వేసికొని అందు కనబడు తొమ్మిది అంకెలు చెప్పుమని అడుగువారు కలరు. 2019 ఫిబ్రవరిలోనే రిజర్వు బ్యాంకు ఇట్టి మోసమును గూర్చి హెచ్చరించినది. ఆ అంకెలు చెప్పుట యనగా ఎన్నడును చూడని మనుష్యుని మన ఫోనునకు దూరాధికారిగా పట్టముకట్టుట. పింఛను డబ్బు, ధాన్యము అమ్మిన డబ్బు, కువైట్ నుండి కుమారుడు పంపిన డబ్బు నిమిషములలో మాయమగును. గోడ దూకినవాడు లేడు. మనమే తెర తొలగించితిమి.

విజయరామరాజు గుడారపు తెర బలహీనమైనదని చరిత్ర ఆయనను నిందింపదు. గెలిచిన రాత్రి ఎవరికైనను కన్ను మూతపడును. కాని కావలి యనునది మెలకువగా ఉన్నప్పటి భయముతో కాక, నిదురించినప్పటి ఏర్పాటుతో తెలియవలెను. మనము నిదురించుచుండగా మన పేరు చెప్పి తలుపు తట్టువాడు ఎవడు, వానిని మన కావలి ఏ గుర్తు అడుగును? ఈ రాత్రి పడుకొనుటకు ముందు ఇంటి తలుపు గడియ ఒకమారు చూచుకొనునట్లే, ఈ ప్రశ్ననును ఒకమారు వేసికొనుట మంచిది.